కౌజుపిట్టకి ఏ తూటా?

అనగనగా ఒక రాళ్లగుట్టల అడవి. అందులో గుబ్బన్న అనే ఎలుగుబంటి ఉండేవాడు. అతనికి ఒక తుపాకి ఉండేది. ఎలుగుబంటికి తుపాకి ఎవరిచ్చారని అడక్కండి పిల్లలూ. మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన మాస్టారు వింటే ఈ వయసులో కూడా నన్ను బెంచీ ఎక్కించేవారు. ఉండేది, అంతే.

ఆ రోజు గుబ్బన్న బావమరిది భోజనానికి వస్తున్నాడు. కౌజుపిట్ట కూర పెట్టాలని గుబ్బన్న పట్టుదల. కౌజు అంటే ముళ్లపొదల్లో పరుగులు తీసే చిన్న పిట్ట. దాన్ని పొదలోంచి లేపడం వేటకుక్క వేగడి పని. అది పైకి ఎగిరాక కాల్చడం గుబ్బన్న పని.

తూటాలు కొనడానికి ఇద్దరూ నక్క సింగారయ్య కొట్టుకి వెళ్లారు.

"ఇదిగో గుబ్బన్నా, పందిని కొట్టే లావు గుండ్ల తూటా! ఒక్కటి తగిలినా కౌజు లేవదు," అన్నాడు నక్క.

"ముందు చేట మీద కాల్చి చూద్దాం మామా," అన్నాడు వేగడు. పాత చేటని తుమ్మకొమ్మకి వేలాడదీశాడు.

గుబ్బన్న లావు గుండ్లు కాల్చాడు. ఒక తూటాలో పట్టే లావు గుండ్లు కొన్నే కాబట్టి, చేటకి దూరదూరంగా మూడే చిల్లులు పడ్డాయి.

"ఆ సందుల్లోంచి కౌజు పెళ్లాంపిల్లలతో సహా దాటిపోతుంది," అన్నాడు వేగడు.

తర్వాత ఆవగింజల్లాంటి గుండ్లు కాల్చాడు. చేట మీద గీతలు పడ్డాయి గానీ చిల్లు పడలేదు.

మూడోసారి జొన్నగింజంత గుండ్లు. చేట నిండా చిల్లులే, జల్లెడలా.

"ఇదే మామా!" అన్నాడు వేగడు.

నక్క పకపకా నవ్వాడు. "ఇంత ఒళ్లు పెట్టుకుని జొన్నగింజలతో వేటా? దానికంటే గొట్టంలో రాగిపిండి పోసుకో గుబ్బన్నా!"

గుబ్బన్నకి రోషం వచ్చింది. లావు తూటా చేతిలోకి తీసుకున్నాడు.

"మామా, పిట్టకి తగలని గుండు ఎక్కడికో ఒకచోటికి పోవాలిగా? లావుది చాలా దూరం పోతుంది. నీ తుపాకికి ముందు నడిచేది నేను. అది వేస్తే నేను రాను," అన్నాడు వేగడు.

గుబ్బన్న గొణుక్కున్నాడు. నక్క వైపు చూశాడు. చివరికి జొన్నగింజల తూటానే తీసుకున్నాడు.

గుట్ట కింద వేగడు పొదలోకి దూరి, చాలా దూరం పోయి అవతలి చివర కౌజుని లేపాడు. ఆ పాడు పిట్ట పైకి ఎగరలేదు. నేలబారుగా గుబ్బన్న వైపే దూసుకొచ్చింది. గుబ్బన్న తొందరపడ్డాడు. ఢాం!

కుయ్యోమన్న అరుపు.

"వేగా!" గుబ్బన్న తుపాకి విసిరేసి ముళ్లలో పడి పరుగెత్తాడు. "నాయనా, పలకరా!"

పొద కదిలింది. వేగడు కుంటుతూ బయటికొచ్చాడు. తొడ మీద రెండు గుండ్లు, తోలులోనే ఆగిపోయాయి.

"బతికే ఉన్నా మామా. అంత గట్టిగా వాటేసుకోకు, ఇప్పుడు చచ్చేలా ఉన్నా!"

గుబ్బన్న ఏడుస్తూనే నవ్వాడు. "ఆ లావుదే వేసుంటే..." అన్నాడు.

"నువ్వు కాల్చేది నన్నా, నీ కుక్కనా?" అని అవతలి రాయి మీంచి కౌజు అరిచి తుర్రుమంది. ఎవరూ దాని వెంట పడలేదు.

ఆ పూట బావమరిదికి పుట్టతేనె, ఇప్పపూలే పెట్టారు. వేగడి తొడకి పసుపు రాస్తూ గుబ్బన్న అన్నీ అతనికే ముందు వడ్డించాడు.

నీతి: పనికి సరిపడేంత బలమే వాడాలి, ఎక్కువ వాడితే, దెబ్బ మనవాళ్ల మీదే పడొచ్చు.