అసిరమ్మ చెంబు

విన్నవారు విన్నట్లే చెప్పగా, మాట చెదరకుండా నా చెవి దాకా వచ్చిన కథ ఇది.

అనగనగా సాగరతీరాన, మొగలిపొదల నడుమ, ఒక జాలరిపేట. ఆ పేటలో అసిరమ్మ అనే పేదరాలు. కొబ్బరిపీచు దంచి, పేని, పడవలకు తాళ్ళు చేసి ఇవ్వడం ఆమె వృత్తి. ఆమె పేనిన తాడు తుపానుకైనా తెగదని ప్రతీతి.

తాడు గట్టిదే. ముక్కే మెత్తనిది.

వేకువన పడవలు కడలిలోకి దిగే వేళ అసిరమ్మ తాళ్ళచుట్టలు నెత్తిన పెట్టుకొని ఒడ్డుకు వచ్చేది. చుట్ట దించేది, విప్పేది, దులిపేది. అంతే!

అసిరమ్మ తుమ్మింది. పడవ ఆగింది. పేట కూర్చుంది. చెంబుతో నీళ్ళు తాగింది.

ప్రయాణవేళ తుమ్ము అపశకునమని వారి నమ్మిక. తుమ్ము వినిపిస్తే కూర్చోవాలి, నీళ్ళు తాగాలి, ఆపైనే లేవాలి. వారు లేచేసరికి ఆమె మరో చుట్ట దులిపేది. అసిరమ్మ తుమ్మింది. పడవ ఆగింది. పేట కూర్చుంది. చెంబుతో నీళ్ళు తాగింది. ఇంతలో పడవలను లోపలికి తోసే వేకువగాలి కాస్తా పడిపోయేది. తెరచాప వాడిన ఆకువలె వేలాడేది. ఆ పూటకు చేప లేదు. చేప లేని పొయ్యి మీద గంజి ఒక్కటే ఉడికేది.

వానలు వచ్చాయి. సముద్రం ఉగ్రరూపం దాల్చింది. పడవలు ఒడ్డెక్కాయి, తెరచాపలు అటకలెక్కాయి. అప్పుడు పేటపెద్ద కొర్లయ్య తన గుబురుమీసం సవరించుకుంటూ అసిరమ్మ గుడిసెకు వచ్చాడు.

"ఏటే అసిరీ, నీ ముక్కా, మా కడుపా? రెండిట్లో ఏటో ఒకటే ఉండాల."

"పెద్దమావా, నాను కావాలని తుమ్ముతానేటి?"

"అది మాకెందుకు? వానలెళ్ళి మళ్ళా తెరచాప ఎత్తే నాడు నువ్వు తుమ్మావా, ఊరొదిలి ఎల్లిపోవాల. నాను చెప్పిందే మాట."

అసిరమ్మ ఆ గుడిసెలోనే పుట్టింది. కన్నతల్లిని ఆ ఇసుకకే అప్పగించింది. సముద్రఘోష వినిపించని చోట తనకు నిద్ర ఎలా పడుతుందో ఆమెకు తెలియదు.

పొరుగింటి పోలమ్మ పరుగున వచ్చింది. "నీ జడలో మొగలిపువ్వుందే, దాని పుప్పొడే ముక్కుకెక్కుతోంది. తీసేయ్!" అంది. ప్రాణప్రదమైన పువ్వు. అయినా తీసేసింది. పీచు ముందేసుకొని పేనడానికి కూర్చుంది. తుమ్మింది.

"అయితే చలిగాలే. చెవులకి గుడ్డ కట్టు," అంది పోలమ్మ. కట్టింది. పేనడానికి కూర్చుంది. తుమ్మింది. ముడి ఊడి గుడ్డ ఒళ్ళో పడింది.

"అయితే ఎండుచేపే. మానేయ్," అంది పోలమ్మ. మానేసింది. పీచు పక్కన పెట్టుకొని ఉత్తగంజి తాగబోయింది. తుమ్మింది. గంజి గోడకు అభిషేకమైంది.

"నాకింక తెలీదమ్మా," అని పోలమ్మ చేతులెత్తేసింది.

అంతట ఒకనాడు కుండపోతగా వాన కురిసింది. గుడిసె కప్పు కారింది. మూలనున్న కాస్త తప్ప పీచంతా తడిసి ముద్దయింది. అసిరమ్మ కప్పును తిట్టుకుంటూ, ఆ తడి పీచునే పేనుతూ కూర్చుంది. ప్రొద్దెక్కింది. ప్రొద్దు వాలింది. పోలమ్మ గుండెలు బాదుకుంటూ లోపలికి వచ్చింది.

"బతికే ఉన్నావేటే? పొద్దుణ్ణించీ నీ తుమ్ము వినబడక, నీకేటైపోయిందో అని వచ్చాను!"

అసిరమ్మ చేతిలో తాడు ఆగింది. నిజమే! ఈ రోజు ఒక్క తుమ్మూ లేదు. ఆమె తడి పీచును చూసింది. మూలనున్న పొడి పీచును చూసింది. లేచి వెళ్ళి పొడి పీచును చిటికెడు దులిపింది. తుమ్మింది. ఫక్కున నవ్వింది.

"పోలీ! నా ముక్కుకి పడంది పువ్వు కాదే. గాలి కాదే. చేపా కాదే. పీచుదుమ్ము! తడిసిన పీచుకి దుమ్మెక్కడిది?"

అన్నిటికంటే ముందు ఒక మొగలిపువ్వు తెచ్చి మళ్ళీ జడలో తురుముకుంది.

వానలు వెళ్ళాయి. తెరచాప ఎత్తే నాడు వచ్చింది. పేటంతా ఒడ్డున నిలిచింది. అందరి కళ్ళూ అసిరమ్మ ముక్కు మీదనే. ఆమె తాళ్ళను ఉప్పునీట ముంచి తెచ్చింది. ఒక చుట్ట విప్పింది. తుమ్మలేదు. రెండో చుట్ట విప్పింది. తుమ్మలేదు. మూడో చుట్ట విప్పి, కొసను పడవకు కట్టి, ప్రక్కకు తప్పుకుంది.

కొర్లయ్య గర్వంగా ముందుకు వచ్చాడు. వానాకాలమంతా అటక మీద మూలిగిన తెరచాపను రెండు చేతులా పట్టి దులిపాడు. దుమ్ము మబ్బులా లేచింది. గుబురుమీసం వణికింది.

"హా... హా... హాఛ్!"

ఒడ్డునున్న కాకులు లేచిపోయాయి. పేటపెద్ద తుమ్మాడు. పడవ ఆగింది. పేట కూర్చుంది. చెంబు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పడవ అంచున కూర్చున్న గున్నయ్య అనే జాలరి గొంతు సవరించుకున్నాడు. "పెద్దా, సామాను మొయ్యడానికి మనుషులు కావాలేటి?"

కొర్లయ్య ముఖం కందగడ్డయింది. అయినా మాట తప్పని మనిషి. తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు. "అన్న మాట అన్నదే. నానే ఎల్లిపోతాను," అన్నాడు.

అసిరమ్మ నీళ్ళచెంబు అందుకుంది. తాగలేదు. తెరచాప మీద ఆ నీళ్ళు చిలకరించింది. దుమ్ము అణగింది.

"ఎక్కడికి పోతావు పెద్దమావా? నాకు పీచుదుమ్ము పడదు. నీకీ అటకదుమ్ము పడదు. ముక్కు శకునం చెప్పదు మావా, దుమ్ముందని చెబుతాది. లెగండి, గాలి పడిపోతాది!"

పేట లేచింది. తెరచాప లేచింది. గాలి ఇంకా ఉంది. ఆ సాయంత్రం ప్రతి పొయ్యి మీదా చేపల పులుసు ఉడికింది. అసిరమ్మ ఇంటికి మొదటి చేపను కొర్లయ్యే స్వయంగా తెచ్చి ఇచ్చాడు. మీసానికి అడ్డంగా తుండుగుడ్డ కట్టుకొని మరీ వచ్చాడు.

అసిరమ్మ తాళ్ళు పేనుతూ పేనుతూ పండుముసలియై, ఆ ఇసుకలోనే కన్నుమూసింది. ఆమె సమాధి ఎక్కడో ఎవరికీ తెలియదు. అలలకు తెలుసునేమో.

ఆ పేటలో నేటికీ తెరచాప ఎత్తే ముందు ఒక చెంబు నీళ్ళు దాని మీద చిలకరిస్తారు. దానికి అసిరమ్మ చెంబు అని పేరు. పడవ కదిలే వేళ ఎవరైనా తుమ్మితే అక్కడ ఎవ్వరూ కూర్చోరు, ఎవ్వరినీ కసరరు. అందరూ కలిసి, "దుమ్మెక్కడుందే అసిరమ్మా?" అని నవ్వుతూ వెదుకుతారు. పేటకు క్రొత్తగా వచ్చిన కోడలిని అత్తగారు అడిగే మొదటి మాట కూడా అదే దారిలో ఉంటుంది.

"నీకేటి పడదో ముందు చెప్పమ్మా."