రాజముద్ర వేసిన గడ్డిబొమ్మలు

పూర్వం కృష్ణకు దక్షిణాన చిన్న రాజ్యమొకటి ఉండేది. దాన్నేలే అనంగభూపతికి తన పేరిట ఆకాశమంత విజయస్తంభం కట్టించాలని కోరిక పుట్టింది. బొక్కసంలో అంత ధనం లేదు. అందుకని జనం దగ్గరున్న వెండి నాణేలన్నీ తెప్పించి కరిగించాడు. సగానికి సగం రాగి కలిపి, ఎన్ని తీసుకున్నాడో అన్నే కొత్త నాణేలు తిరిగి ఇప్పించాడు. మిగిలిన వెండి స్తంభానికి కేటాయించాడు.

నెల తిరక్కుండానే బజారులో ధరలు రెట్టింపయ్యాయి. దెబ్బ ఎక్కువగా తగిలింది ముసలివాళ్లకే. బసివినాయుడు వయసంతా సైన్యంలో గడిపినవాడు. ఒంట్లో సత్తువ పోయాక తినడానికని జీతంలో కొంత కొంత దాచుకున్నాడు. బతికినన్నాళ్లూ సరిపోతుందనుకున్న సొమ్ము సగం రోజులకు మించి చాలేట్టు లేదు. పాడిగేదెను అమ్మేశాడు. చివరికి ఆ స్తంభానికే రాళ్లు మోసే కూలికి కుదిరాడు. భార్య గంగమ్మ గంజి కాచి, తాను తాగేశానని చెప్పి, ఉన్నదంతా అతనికే పోసి పనికి పంపేది.

ఆస్థానంలో హాస్యానికి పేరుపడ్డ ముమ్మన ఒకనాడు రాతికింద వంగిపోయిన నాయుణ్ణి చూశాడు. సంగతంతా అడిగి తెలుసుకుని సభలో విన్నవించాడు.

రాజు మీసం దువ్వుకున్నాడు. "పిచ్చివాడా, నాణెం విలువ వెండిలో ఉందా? దానిమీద మా ముద్ర ఉంది. అది చాలు."

ఆ వేసవిలోనే గంగమ్మ ఆకలితో చిక్కి చనిపోయింది.

వానలు వెలిశాక రాజు వేటకు బయల్దేరాడు. అడవిదారిలో దొంగల భయముంది. అంగరక్షకుల ఏర్పాటు తాను చూస్తానని ముమ్మన ముందుకొచ్చాడు. బయల్దేరే రోజున రాజు వచ్చి చూస్తే కోటవాకిట సగం గుర్రాలమీద భటులు, సగం గుర్రాలమీద గడ్డిబొమ్మలు. ప్రతి బొమ్మ గుండెమీదా రాజముద్ర ఉంది.

రాజు మొహం ఎర్రబడింది. "దొంగలు మీదపడితే ఇవి నన్ను కాపాడతాయా?"

"తమ ముద్ర ఉంది కదా ప్రభూ," అన్నాడు ముమ్మన, తలెత్తకుండానే. "బసివినాయుడి ముసలితనానికి తమరు పంపిన కాపలా కూడా ఇలాంటిదే."

రాజు చాలాసేపు ఆ బొమ్మల్నే చూశాడు. తర్వాత నవ్వాడు గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. వేట మానుకున్నాడు. స్తంభం పని ఆపించి, మిగిలిన వెండితో రాగి కలపని నాణేలు కొట్టించమన్నాడు. వాటిని ముందుగా ముసలివాళ్లకే ఇవ్వమన్నాడు. ముమ్మనకు తన శాలువా కప్పాడు.

ఆ కబురు చెప్పడానికి ముమ్మన తానే స్తంభం దగ్గరికి వెళ్లాడు. నాయుడు తలమీద రాయితో అలాగే నిలబడి అంతా విన్నాడు.

"అయితే అయ్యా, దీన్ని ఇక్కడే దించెయ్యమంటారా?" అని అడిగాడు.