ఏ పేజీ తియ్యాలి?

ఆ పొద్దున హేమసుందర్‌కి కాళ్లు నేలమీద నిలవడం లేదు. భావనారాయణగారి దగ్గర శిష్యరికానికి చేరి రెండేళ్లయింది. గుంటూరు చుట్టుపక్కల పదకొండు ధనిక కుటుంబాలకు, ఉన్న ఆస్తిని ఎలా కాపాడుకోవాలో, ఎలా పెంచుకోవాలో ముప్పై ఐదేళ్లుగా చెబుతున్న మనిషి ఆయన. ఇన్నాళ్లకి ఒక కుటుంబాన్ని పూర్తిగా శిష్యుడి చేతిలో పెట్టారు.

అదీ మామూలు కుటుంబం కాదు. కొల్లి వీరరాఘవయ్యగారు మిర్చి కోల్డ్ స్టోరేజీలు మూడూ ఒకేసారి అమ్మేశారు. అరవై కోట్లు!

"నలభై పేజీల ప్లానండీ గురువుగారూ! షేర్లు, బాండ్లు, బంగారం, అద్దెలొచ్చే భవనాలు, ట్రస్టు... ఎక్కడా సందు లేదు. మీరే చూడండి!"

"ఆ ఇంట్లో ఎవరితో మాట్లాడావు?"

"వీరరాఘవయ్యగారితోనండీ. నాలుగుసార్లు."

భావనారాయణగారు ఊఁ అని, పేజీ తిప్పకుండానే చెప్పులేసుకున్నారు.

వీరరాఘవయ్యగారి హాల్లో హేమసుందర్ గంటసేపు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పెద్దాయన మొహం వెలిగిపోతోంది. "శభాష్ అబ్బాయ్! ఇంక సంతకాలెక్కడో చెప్పు" అంటూ జేబులోంచి పెన్ను తీశారు.

అప్పుడే ఆయన భార్య మాణిక్యమ్మగారు కాఫీ ట్రే పట్టుకుని వచ్చారు.

భావనారాయణగారు లేచి, ఆవిడ చేతిలోంచి ట్రే అందుకున్నారు. తన కుర్చీ చూపించారు.

"కూర్చోండమ్మా."

"అయ్యో, మీరు నిలబడితే ఎలాగండీ!"

"కాఫీ ఇవ్వడం నాకూ వచ్చమ్మా."

ఆవిడ భర్తవైపు చూసి, కుర్చీ అంచున కూర్చున్నారు. భావనారాయణగారు తలా ఒక కప్పు అందించి గోడ పక్కన నిలబడ్డారు. మాణిక్యమ్మగారు ముందున్న కాగితాలు రెండు మూడు తిప్పారు.

"ఒకటి అడగనా బాబూ? పోయిన ఏడాది ఈయనకి గుండె ఆపరేషనైంది. మూడు రోజులు మాటలేదు. బ్యాంకు, ఫోను, తాళాలు అన్నీ ఈయనవే. పరువు తక్కువని ఎవర్నీ అడగలేక బంగారు గాజులు అమ్మి ఆస్పత్రి బిల్లు కట్టాను. ఇంకోసారి అలా అయితే, నేను ఇందులో ఏ పేజీ తియ్యాలి?"

హేమసుందర్ మొదటి పేజీ తీశాడు. పన్నెండోది తీశాడు. చివరిది తీశాడు. ఎక్కడా లేదు.

వీరరాఘవయ్యగారి చేతిలో పెన్ను అలాగే ఉంది. "గాజులా? నాకు చెప్పలేదేం?"

"మీరు బతికారు. ఇంకేం చెప్పను?"

హేమసుందర్ కాగితాలన్నీ మూసేశాడు. కుర్చీ లాక్కుని ఆవిడ పక్కకు చేరాడు. చివరి పేజీ వెనక ఖాళీ జాగా చూసుకున్నాడు.

"మీరు చెప్పండమ్మా. నేను రాసుకుంటాను."

మాణిక్యమ్మగారు మొదలుపెట్టారు. తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. "పొద్దున్నే టీవీలో షేర్లు పడ్డాయంటే ఈయన ఛాతీ పట్టుకుంటారు. ముందు వాటిని సగానికి సగం తగ్గించెయ్. ఏడాదికి సరిపడా డబ్బు మా ఇద్దరి పేరా బ్యాంకులో ఉండాలి. ఇందులో రాసిన ఆ బ్రాడీపేట భవనం కొనొద్దు, అందులో ఏ అద్దెదారూ ఆరు నెలలు నిలవడు..."

"నీకెలా తెలుసే?" అన్నారు పెద్దాయన.

"అందులో మూడో అంతస్తులో మా పిన్నికూతురు ఉండి వచ్చింది. మీరెప్పుడడిగారు గనక?"

ఆయన పకపకా నవ్వారు. పెన్ను జేబులో పెట్టేసుకుని, తనూ కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. హేమసుందర్ రాస్తూనే ఉన్నాడు. పొద్దుటికన్నా ఇప్పుడే గుండె గట్టిగా కొట్టుకుంటోంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మెట్లు దిగుతూ ఉండబట్టలేకపోయాడు.

"గురువుగారూ! ఆవిడకి ఇంత తెలుసని మీకెలా తెలిసిందండీ?"

"నాకేం తెలుసు నాయనా," అన్నారు భావనారాయణగారు. "కుర్చీ ఇచ్చానంతే."