వేలి మరకలు చెప్పిన మాట

అనగనగా, పిట్టలు మాట్లాడితే మనుషులు చేతిలో పని ఆపి వినే కాలంలో, నెలవంకపురమని ఒక రాజ్యం ఉండేది. దాన్ని విశాలవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయనకు వేట అంటే ఇష్టం లేదు, యుద్ధమంటే ఇష్టం లేదు. పుస్తకాలంటే మాత్రం ప్రాణం.

అందుకని ఊరి నడిబొడ్డున ఒక పుస్తక మండపం కట్టించాడు. గోడల నిండా నూరు గూళ్ళు. గూటికొక తాటాకు పుస్తకం. పైరుకు తెగులు పట్టినా, బిడ్డకు దగ్గు పట్టినా జనం అక్కడికే వచ్చేవాళ్ళు. చదువు వచ్చినవాళ్ళు చదువుకునేవాళ్ళు. రానివాళ్ళు పక్కవాళ్ళ చేత చదివించుకునేవాళ్ళు.

నూరు గూళ్ళలో ఏ గూటికి పోవాలో వచ్చినవాడికేం తెలుస్తుంది? అందుకే వాకిట్లో ఒక గోరువంక ఉండేది. దాని పేరు ముత్యాలు. ఎవరైనా వచ్చి తమ కష్టం చెప్పుకుంటే ముత్యాలు తల ఒక పక్కకు వాల్చి, "ముందు పన్నెండో గూడు చూడు. కాకపోతే ముప్పయ్యో గూడు. అదీ కాకపోతే ఎనభయ్యో గూడు" అని వరస చెప్పేది. జనం సంగతి మీకు తెలిసిందే. మొదటి గూటికి పరుగెత్తేవాళ్ళు, రెండో గూటికి నడిచేవాళ్ళు, మూడో గూటిదాకా పోయే ఓపిక ఎవరికీ ఉండేది కాదు.

ఆ వరస ముత్యాలు ఎలా కడుతుందో ఎవరికీ తెలియదు. అడిగితే రెక్కలు దులుపుకుని ఊరుకునేది.

ఏటా కార్తీక పున్నమినాడు, ఎవరికీ అక్కరకు రాని పుస్తకాలను రాజుగారి మనుషులు మూటకట్టి అటకెక్కించేవాళ్ళు. కొత్త పుస్తకాలకు చోటు కావాలి కదా. అటకెక్కిన పుస్తకానికి చెదపురుగే చదువరి.

తొంభైతొమ్మిదో గూటిలో ఓబళయ్య పుస్తకం ఉండేది. ఓబళయ్య పశువుల వైద్యుడు. నలభై ఏళ్ళు పల్లెపల్లెకూ తిరిగి తెలుసుకున్నదంతా ఆ ఒక్క పుస్తకంలో రాశాడు. రాసి, ఆ వేసవిలోనే కన్నుమూశాడు. పోయేముందు కూతురు పేరమ్మ చెయ్యి పట్టుకుని, "అమ్మా, నేను లేకపోయినా నా పుస్తకం ఒక్క దూడనైనా లేపి నిలబెడితే నాకంతే చాలు" అన్నాడు.

పేరమ్మ ఆ పుస్తకాన్ని తనే మోసుకొచ్చి గూటిలో పెట్టింది. రోజూ దుమ్ము తుడిచి, ఒక పూలదండ వేసి పోయేది. దండలు వాడిపోయేవి గాని పుస్తకం చదివేవాళ్ళు లేరు.

ఆ ఏడు దసరా వెళ్ళగానే ఊళ్ళ మీద గాలికుంటు పడింది. పశువుల నోళ్ళలో పుండ్లు, గిట్టల సందుల్లో పుండ్లు. దూడలైతే లేవలేక కూలబడిపోయేవి. కాపరులు గుంపులు గుంపులుగా మండపానికి వచ్చారు. ముత్యాలు వాళ్ళకు ఇరవయ్యో గూడు చెప్పింది, నలభయ్యో గూడు చెప్పింది. తొంభైతొమ్మిదో గూడు మాత్రం చెప్పలేదు.

పేరమ్మ ఇక ఆగలేక గోరువంక దగ్గరకు పోయింది. "ముత్యాలూ, మా నాన్న పుస్తకంలో ఈ జబ్బుకు మందుంది. ఆ మాట ఎందుకు చెప్పవు?" అని నిలదీసింది.

"మొదట్లో చెప్పాను. పోయినవాళ్ళు నిలవలేదు."

"ఎందుకు నిలవలేదు?"

"నన్నడిగితే ఏం లాభం? నీ పుస్తకాన్నే అడుగు" అంది గోరువంక.

లోపల, ఓబళయ్య పుస్తకం పక్కనున్న తొంభయ్యెనిమిదో గూటి దగ్గర సోమదత్తుడు నిలబడి ఈ మాటలన్నీ విన్నాడు. ఆయన పెద్ద పండితుడు. 'సర్వ పశు రోగ సంహారం' అని పుస్తకం రాశాడు. ఆవు గురించి ఆయనకు తెలిసిందల్లా దాని పాలు తెల్లగా ఉంటాయని.

"పేరమ్మా, పిట్టతో వాదించకూడదు, దాన్ని బుట్టలో వేసుకోవాలి" అన్నాడాయన. "నేను రాత్రికి రాత్రి ఆకు ఆకునా 'గాలికుంటు, గాలికుంటు' అని నూటెనిమిది సార్లు రాసేశాను. జబ్బు పేరు ఎక్కడ ఎక్కువ ఉంటే పిట్ట అక్కడికే పంపుతుంది. చూస్తుండు."

నిజమే, మర్నాడు ముత్యాలు పదిమందిని తొంభయ్యెనిమిదో గూటికి పంపింది. పేరమ్మ కూడా గంటం చేతిలోకి తీసుకుంది. తీసుకుందే గాని రాయబుద్ధి కాలేదు. ముందు పుస్తకాన్నే అడగమంది కదా పిట్ట, ఆ ముచ్చటా తీరనీ అని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని దారం విప్పింది.

అప్పుడు కనిపించాయి ఆకుల అంచుల మీద మరకలు. పశువులను పట్టుకునే చేతులు కదా, పసుపూ ఆముదమూ పేడా అంటుకునే ఉంటాయి. మొదటి ఆకు అంచు నిండా వేలి మరకలే. మూడో ఆకుకు సగమయ్యాయి. ఏడో ఆకు దగ్గర ఒకే ఒక్క మరక. ఎనిమిదో ఆకు నుంచి చివరిదాకా ఎవరి వేలూ తగల్లేదు.

ఆ ఏడు ఆకుల్లో ఏముందో చూద్దామని పేరమ్మ మొదటినుంచీ చదివింది. ఐదు ఆకులు దేవతల స్తుతి. ఏడు ఆకులు పూర్వకవుల స్తుతి. ఎనిమిది ఆకులు చెడ్డకవుల మీద తిట్లు. ఆ తర్వాత తొమ్మిది ఆకులు ఓబళయ్య వంశావళి, ముత్తాత తాత దగ్గరనుంచి. ఆవు మొట్టమొదట కనిపించేది ముప్పయ్యో ఆకులో.

పాపం, పుస్తకమన్నాక అలాగే మొదలవ్వాలని ఓబళయ్య అనుకున్నాడు. అప్పట్లో అందరూ అలాగే రాసేవాళ్ళు. కానీ ఇంటి దగ్గర దూడ పడిపోయి ఉంటే, వైద్యుడి ముత్తాత పేరు ఎవడికి కావాలి?

మందుల ఆకులు ముందుకు తెస్తే సరిపోతుంది. అది పేరమ్మకు తెలుసు. అయినా చెయ్యి రాలేదు. నాన్న పేర్చిన ఆకులను ముందూ వెనకా చెయ్యడానికి నేనెవరినని రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు నాన్న చివరి మాట గుర్తొచ్చింది. ఆయన స్తుతి నిలబడాలని కోరలేదు, దూడ నిలబడాలని కోరాడు. పేరమ్మ కళ్ళు తుడుచుకుని గణపతికి ఒక్క పద్యం ముందుంచి, మందుల ఆకులు దాని వెనక చేర్చి, మిగతావన్నీ చివరకు గుచ్చింది. ఒక్క ఆకు కూడా పారెయ్యలేదు.

ఆకుల వరస మారడం చూసిన ముత్యాలు ఆ గూటికి ఒక్కొక్కరినే మళ్ళీ పంపసాగింది. ఈసారి వచ్చినవాళ్ళు ఆకు తిప్పి పోలేదు. పొద్దున కూర్చున్నవాళ్ళు మధ్యాహ్నమైనా లేవలేదు. పేరమ్మ మురిసిపోయి వాకిట్లోకి పరుగెత్తింది.

"చూశావా ముత్యాలూ, మా గూటి ముందు ఎంతసేపు కూర్చుంటున్నారో."

గోరువంక నవ్వింది. "కొత్త కోడలు వంటింట్లో ఝాముసేపు ఉందంటే వంట బాగా చేస్తోందనా, ఉప్పు డబ్బా దొరకలేదనా? పోయి అడుగు."

పేరమ్మ పోయి చూసింది. కాటయ్య అనే ముసలి కాపరి ఒకే వరస మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం చదువుతున్నావు తాతా?"

"చదవడమెక్కడ తల్లీ, తెల్లారినకాడ నుంచీ ఈ ఒక్క వరస మీదే ఉన్నా. 'నింబపత్ర హరిద్రా లేపనం' అంట. ఆ నింబపత్రం ఏ కొండ మీద దొరుకుద్దో ఏమో. ఇంటికాడ నా దూడ నురగలు కక్కతా పడుంది."

"అది వేపాకు తాతా. హరిద్ర అంటే పసుపు. రెండూ నూరి పుయ్యాలి."

"వేపాకా? మా దొడ్లోనే ఉంది గదా తల్లీ చెట్టు" అంటూ కాటయ్య తలపాగా కూడా మరిచిపోయి లేచి పోయాడు.

పేరమ్మకు సిగ్గేసింది. పల్లెల్లో తిరిగేటప్పుడు నాన్న ఏనాడూ నింబపత్రం అనలేదు, వేపాకు అనే అనేవాడు. గంటం పట్టగానే ఆయన నాలుక మారిపోయింది. ఆ మాటలు మార్చాలా వద్దా అని ఆకులు తిరగేస్తుంటే, చెడ్డకవులను తిట్టినచోట ఒక పద్యం కంటపడింది. చదివేవాడికి తెలియని మాట రాసి మురిసేవాడే చెడ్డకవి అని అందులో తండ్రే రాశాడు. పేరమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "నాన్నా, నిన్ను నువ్వే తిట్టుకున్నావు" అని, నింబం ఉన్నచోటల్లా వేప అని, హరిద్ర ఉన్నచోటల్లా పసుపు అని తిరగరాసింది.

ఈలోపల సోమదత్తుడి గూటికి పోయినవాళ్ళు జబ్బు పేరు తప్ప మందు కనపడక వెనక్కి వచ్చేశారు. ఆయన ఊరుకునే రకమా? సత్రంలో ఊరికే పడుకునేవాళ్ళను పిలిచి, పూటకు ఇన్ని అటుకులు పెడతానని చెప్పి, గూటి ముందు కూర్చోబెట్టి పొద్దస్తమానం ఆకులు తిప్పించాడు. రెండు రోజులు గూడు కిటకిటలాడింది. మూడో రోజు ముత్యాలు అటు చూడటం మానేసింది.

మర్నాడు కాటయ్య మళ్ళీ వచ్చాడు. వాకిట్లో నిలబడి గోరువంకను మళ్ళీ అదే అడిగాడు, గాలికుంటుకు మందెక్కడుందని. ముత్యాలు పేరమ్మ వైపు చూసింది.

"మా పుస్తకం చూశావు కదా తాతా, మళ్ళీ ఎందుకు అడుగుతున్నావు?" అంది పేరమ్మ చిన్నబుచ్చుకుని.

"నూరి పూశా తల్లీ. ఎంత నూరాలో రాయలేదు గదా, తగినంత అని ఉంది. నేను పిడికెడు నూరా. అది ఒక గిట్టకే అయిపోయింది. రోజుకెన్ని మార్లు పుయ్యాలో, మేత ఏం పెట్టాలో, అదీ లేదు."

నాన్న చేతికి కొలత తెలుసు. అందుకే ఆయనకు రాయాలని తోచలేదు. పేరమ్మ ఇంటికి పోయి, నాన్న మందు నూరే రాయి ముందు కూర్చుంది. వేపాకు దోసిళ్ళతో కొలిచింది, నూరింది, మళ్ళీ కొలిచింది. సాయంత్రానికి ఒకే ఒక్క ఆకు రాసింది. ఆవుకు రెండు దోసిళ్ళ వేపాకు, దూడకు ఒక దోసెడు. పసుపు ఆవుకు చారెడు, దూడకు అందులో సగం. పొద్దునా సాయంత్రమూ గిట్టలు కడిగి పుయ్యాలి. జబ్బు పశువును మందలో కలపకూడదు, పొడినేల మీద కట్టాలి, చల్లారిన గంజి పట్టాలి. ఆ ఆకును పుస్తకానికి అన్నిటికన్నా పైన గుచ్చి, కాటయ్యకు తనే చదివి వినిపించింది.

ఇక ఆ మర్నాటి నుంచి విచిత్రం జరిగింది. తొంభైతొమ్మిదో గూటికి వచ్చినవాళ్ళు కూర్చోవడమే మానేశారు. నిలబడి ఒక్క ఆకు చదవడం, పరుగున వెళ్ళిపోవడం. గూటి ముందు ఎప్పుడు చూసినా ఖాళీ.

పక్క గూటి ముందు మాత్రం జాతర. సోమదత్తుడు మూడో ఉపాయం పన్నాడు మరి. ప్రతి ఆకు చివరా 'అసలు మందు తర్వాతి ఆకులో' అని రాశాడు. జనం ఒక ఆకు తిప్పి, ఇంకో ఆకు తిప్పి, నూరు ఆకులూ తిప్పేవాళ్ళు. నూరో ఆకు చివర 'అసలు మందు రెండో సంపుటంలో' అని ఉండేది.

"నా దగ్గర జనం పొద్దు గూకేదాకా కదలడం లేదు, నీ దగ్గర కూర్చునేవాడే లేడు" అన్నాడు సోమదత్తుడు. "అటక మీద బూజు దులిపించమంటావా, పేరమ్మా?"

పేరమ్మ వాడిన దండ తీసి, గూటి దుమ్ము తుడిచింది. చేయగలిగిందంతా చేసింది, ఇక పున్నమి రెండు రోజుల్లోకి వచ్చింది.

కార్తీక పున్నమినాడు రాజు మండపానికి వచ్చాడు. వెనకాల అటకెక్కించే మనుషులు తాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. పేరమ్మ తండ్రి పుస్తకానికి కొత్త దండ వేసి, గోడకు ఆనుకుని నిలబడింది.

"ముత్యాలూ, పశువుల జబ్బుకు మొదట ఏ గూడు చూడాలి?" అని రాజు అడిగాడు.

"తొంభైతొమ్మిదో గూడు" అంది గోరువంక.

సోమదత్తుడు ముందుకొచ్చాడు. "మహారాజా, నా గూటి ముందు జనం చూడండి, ఆ గూటి ముందు ఖాళీ చూడండి. ఈ పిట్టకు లెక్క రాదు."

అప్పుడు ముత్యాలు మొదటిసారి తన లెక్క బయటపెట్టింది. "మహారాజా, ఈయన జబ్బు పేరు నూటెనిమిది సార్లు రాస్తే నేనూ మోసపోయి పదిమందిని పంపాను. పదిమందీ తిరిగొచ్చి నన్ను మళ్ళీ అదే అడిగారు. తర్వాత కొందరిని తెచ్చి కూర్చోబెట్టాడు. పశువుల జబ్బు చదివేవాళ్ళలో ఒక్కడి కాలికీ పేడ అంటలేదు. ఇప్పుడు కూర్చున్నవాళ్ళు సాయంత్రం ఈయన్ను తిట్టుకుంటూ నా దగ్గరకే వస్తారు. పేరమ్మ గూటికి పోయినవాళ్ళు మాత్రం, ఆ ఆకు పైకెక్కిన నాటి నుంచి, ఒక్కరూ అదే ప్రశ్నతో తిరిగి రాలేదు."

"రాకపోతే మందు పనిచేసిందని ఎలా నమ్మేది? వాళ్ళంతా ఏమైనట్టు?" అన్నాడు రాజు.

అంతలో వాకిట్లో చిరుగంట మోగింది. కాటయ్య దూడను తోలుకుని వస్తున్నాడు. దూడ కొంచెం బక్కగా ఉంది గాని నాలుగు కాళ్ళ మీదా గట్టిగా నడుస్తోంది.

"అడగడానికి రాలేదు దొరా" అన్నాడు కాటయ్య రాజుకు దండం పెట్టి. "చూపించి పోదామని వచ్చా."

దూడ తిన్నగా తొంభైతొమ్మిదో గూటి దగ్గరకు పోయి, మూతి చాపి, పుస్తకం మీది కొత్త దండ లాక్కుని నమలడం మొదలుపెట్టింది. పేరమ్మ దాని మెడ కావలించుకుని, "నాన్నా, నిలబడింది" అని గట్టిగా ఏడ్చింది.

ఓబళయ్య పుస్తకం ఆ రోజే వాకిలి పక్క మొదటి గూటికి మారింది. అటకెక్కించేవాళ్ళు తాళ్ళతో తొంభయ్యెనిమిదో గూటివైపు కదిలారు. పేరమ్మే అడ్డుపడి, "ఒక్క ఏడు గడువివ్వండి మహారాజా" అని, సోమదత్తుడితో "అయ్యా, మీ ఆకుల అంచులు ఒకసారి చూసుకోండి. ఎక్కడ ఆగారో, ఎక్కడ విసిగారో అవే చెబుతాయి" అంది. మర్నాడు సోమదత్తుడు చెప్పులు విప్పి, కాటయ్య మంద వెనక పేడలో నడుస్తూ కనిపించాడట.

కొన్నాళ్ళకు పేరమ్మ పుస్తకం తుడుస్తుంటే, చిట్టచివర వంశావళి ఆకు మీద ఒక పసుపు వేలి మరక కనిపించింది. దూడ బాగుపడ్డాక ఎవరో తీరిగ్గా కూర్చుని, ఇంత మేలు చేసినవాడి తాతముత్తాతలెవరా అని చదివారన్నమాట.

కాబట్టి పిల్లలూ, వచ్చినవాళ్ళను ఎంతసేపు కూర్చోబెట్టామన్నది గొప్ప కాదు. వచ్చిన పని తీరి నవ్వుతూ లేచి వెళ్ళారా అన్నదే గొప్ప, అలాంటి చోటికి పేరు తనంతట తనే నడిచి వస్తుంది.