వీపు మీది కళ్లు

అనగనగా కొండవాలున ఒక ఎండు అడవి. ఎండాకాలం వచ్చిందంటే ఆ అడవిలో ఎవరికీ కంటినిండా నిద్ర ఉండదు. అక్కడ ఆకు రాలితే ఉలికిపాటు. నిప్పురవ్వ పడితే కార్చిచ్చు.

ఆ అడవిలో ఒక ముసలి ఎలుగుబంటి ఉండేది. పేరు బొంతమ్మ. నిరుడు కార్చిచ్చులో ఆమె కూతురు పోయింది. కూతురి పిల్లలిద్దరూ మిగిలారు. మనవడు తునికి, మనవరాలు ఉసిరి.

ఎలుగుల ఇంట్లో ఒక ఆచారం ఉంది. అవి పిల్లల్ని నేల మీద నడిపించవు. వీపు మీద ఎక్కించుకుని తిరుగుతాయి. పిల్లలు జూలు పట్టుకుని కూర్చుంటారు. బొంతమ్మ కూడా అంతే. ఎక్కడికి పోయినా ఇద్దరూ వీపు మీదే. పిల్లలు బరువెక్కారు, ఆమె నడుము నొప్పెక్కింది. అయినా దించేది కాదు. దించితే మళ్లీ దొరుకుతారో లేదో అని భయం.

బొంతమ్మ ముక్కు మహా గట్టిది. చెదపుట్ట ఎక్కడుందో, తేనెపట్టు ఎంత పండిందో కూర్చున్న చోటినుంచే చెప్పేది. కళ్లు మాత్రం మసక. ఆ సంగతి ఎవరికీ చెప్పేది కాదు. చెబితే చిన్నతనం.

ఒక్కరికి మాత్రం తెలిసింది. అడవిపంది వరాలమ్మకి. ఒకసారి మడుగు దగ్గర బొంతమ్మ, వరాలమ్మ వీపు రుద్దుకుంటున్న ఒక మొద్దును చూసి, "ఏం దుప్పీ, బాగున్నావా?" అని పలకరించింది. వరాలమ్మ బురదలో పడి దొర్లి దొర్లి నవ్వింది.

"గుడ్డి వదినా, అది మొద్దే!" అంది.

ఆ రోజు నుంచి బొంతమ్మ ఆమెతో మాట్లాడలేదు. ఆ మాటను మాత్రం రోజూ తలచుకునేది. మాట అన్నవాళ్లు మరిచిపోతారు. పడ్డవాళ్లు మరిచిపోరు.

ఆ ఏడు కొండముచ్చు గండయ్య ఒక ఏర్పాటు చేశాడు. కొండ నెత్తిన కూర్చుని నాలుగు దిక్కులా కనిపెట్టి చూస్తాడు. పొగ లేస్తే అడవి బొమ్మ గీసి అందరి ఫోన్లకూ పంపుతాడు. మంట ఉన్నచోట ఎరుపు. మడుగుకు పోయే దారి నీలం. అక్షరం ముక్క రాకపోయినా తెలుసుకోవచ్చు. నోటితో చెప్పొచ్చు కదా అంటారేమో. మంట హోరులో కన్నతల్లి కేక కూడా వినపడదు. నిరుడు తునికికీ ఉసిరికీ వాళ్లమ్మ కేక అలాగే వినపడలేదు.

అందుకని బొంతమ్మ దాచుకున్న ఒకే ఒక్క తేనెపట్టు తీసుకుని పునుగుపిల్లి జవ్వాదయ్య కొట్టుకు పోయింది.

"రెండే మిగిలాయి పెద్దమ్మా," అన్నాడు జవ్వాదయ్య. "ఇది కొత్త ఫోను. అది పాత ట్యాబు. దేనికైనా నీ పట్టు చాలు. ఎండకు పెడితే రెండూ ఛార్జింగ్ నింపుకుంటాయి."

కొత్త ఫోను నేరేడుపండులా నిగనిగలాడుతోంది. తాకీ తాకకముందే వెలుగుతోంది. పాత ట్యాబు టేకాకంత వెడల్పు. ఒక మూల చిట్లింది. నొక్కితే ఆవులించి ఆవులించి నిద్ర లేచింది. లేచాక మాత్రం దాని తెర మీద అడవి అడవంతా పరుచుకుంది.

"అమ్మమ్మా! ఇది మాక్కూడా కనపడుతోంది!" అని తునికి వీపు మీద ఎగిరాడు.

"మరి ఫోను?" అంది బొంతమ్మ.

"ఫోను చూడబోతే నీ చెయ్యే కనపడుతోంది," అంది ఉసిరి.

బొంతమ్మకూ ట్యాబులో కొండ కొండలా, వాగు వాగులా కనిపించింది. గుండె కొంచెం కుదుటపడింది. చెయ్యి చాపింది.

సరిగ్గా అప్పుడే వరాలమ్మ వచ్చింది. మెడలో కొత్త ఫోను వేలాడుతోంది. వెనక పందిపిల్లలు బారు కట్టాయి.

"ఏం వదినా, పలక కొంటున్నావా? ఈ వయసులో బడికి పోతావా?" అంది. "కళ్లు మరీ అంత పోయినయ్యా?"

బొంతమ్మ చెవులు వేడెక్కాయి. చాపిన చెయ్యి పక్కకు జరిగింది. కొత్త ఫోను మీద పడింది.

"నా కళ్లకేం? చీమ కాలు విరిగినా ఇక్కణ్ణించే చెబుతా. జవ్వాదయ్యా, ఇదియ్యి!"

"పెద్దమ్మా, చూసేది నువ్వు. మోసేది నీ పిల్లల్ని. ఇంకోసారి ఆలోచించుకో," అన్నాడు జవ్వాదయ్య. "నచ్చకపోతే తెచ్చి మార్చుకో. తప్పేం లేదు."

"బొంతమ్మ కొన్నది మార్చదు," అని విసవిసా వచ్చేసింది.

కొన్నాళ్లకు ఫోను మొదటిసారి మోగింది. బొంతమ్మ దాన్ని ముక్కుకు ఆనించి చూసింది. చెయ్యి చాచి దూరంగా చూసింది. అద్దం మీద ఎర్రగా ఏదో చుక్క. "ఏదో పండు మరక," అని రుద్దింది.

"మాకియ్యి అమ్మమ్మా, చూసి చెబుతాం," అన్నాడు తునికి.

"మీ అమ్మమ్మకు కళ్లు లేవనుకున్నావా? నోరుముయ్!"

ఆ పూటే తునికిపళ్ల కోసం తోపుకు పోయారు. ఎర్ర చుక్క ఉన్నది ఆ తోపు మీదే. గాలి వెనక నుంచి వీస్తోంది, బొంతమ్మ ముక్కుకు వాసన అందలేదు. మంట అప్పుడే ఆరింది, బూడిద కింద నిప్పు ఆరలేదు. పండు ఏరుకుందామని వీపు మీద నుంచి దూకిన ఉసిరి అరికాలు కాలింది. పిల్ల కేక పెడితే బొంతమ్మకు నిరుడు వినపడని కేక గుర్తొచ్చింది. గబుక్కున పిల్లను వీపు మీదికి లాక్కుంది.

రెండోసారి మోగినప్పుడు గాలి జోరుగా ఉంది.

"రెండు వేళ్లతో లాగితే బొమ్మ పెద్దదవుతుందంట," అంది ఉసిరి.

బొంతమ్మ గోళ్లు కొడవళ్లంత. గోటికి బొమ్మ కదల్లేదు. ముక్కుతో లాగింది. బొమ్మ పెద్దదయింది. అయితే తెరనిండా ఒక్క చెట్టే మిగిలింది. దారి ఎటు పోయిందో లేదు. చిన్నది చేస్తే దారి చీమ గీసిన గీతలా ఉంది. లాగీ లాగీ విసిగిపోయింది. ఆ రోజు గాలి వాటంగా తిరగబట్టి బతికారు.

గాలి తిరిగితే బతకడం, తిరగకపోతే చావడం. ఇదేం బతుకు అనుకుంది బొంతమ్మ. మర్నాడు ఎవరూ చూడకుండా జవ్వాదయ్య కొట్టుకు పోయింది.

"ఆ పాతది..." అని నసిగింది.

"అయ్యో పెద్దమ్మా, మొన్ననే పట్టుకుపోయారు. కొత్త ఫోను తెచ్చిచ్చి మరీ మార్చుకున్నారు. పేరు చెప్పొద్దన్నారు."

బొంతమ్మ వచ్చిన దారినే వెనుదిరిగింది. అప్పటినుంచి ఆమెకు తిండి సయించలేదు. ఆకు కదిలితే లేచి కూర్చునేది. మోగకుండానే ఫోను తీసి చూసేది. చూసినా ఏముంది? మెరుపు తప్ప.

ఇక మూడోసారి. మిట్టమధ్యాహ్నం. ముందు పక్షులు పోయాయి. తర్వాత కుందేళ్లు పోయాయి. అప్పుడు ఫోను మోగింది.

బొంతమ్మ పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని ముక్కు పైకెత్తింది. తూర్పున పొగ వాసన. పడమట పొగ వాసన. ముందూ పొగే, వెనకా పొగే. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ ముక్కు ఏమీ చెప్పలేదు.

ఫోను కళ్ల ముందు పెట్టుకుంది. పొగకు కళ్లు నీళ్లు కారుతున్నాయి. తెర మీద ఎరుపు లేదు, నీలం లేదు. అంతా మసక.

"ఎటు అమ్మమ్మా?" అంది ఉసిరి.

బొంతమ్మ తెరను ఇంకోసారి రుద్దింది.

"అమ్మమ్మా, ఎటు?"

"నాకు కనపడటం లేదే తల్లీ," అంది బొంతమ్మ. ఆ మాట అనడానికి ఆమెకు ఇన్నేళ్లు పట్టింది. "ఎప్పుడూ కనపడలేదు. ఇదిగో, మీరు చూడండి."

ఫోను భుజం మీదుగా పైకి అందించింది. తునికి ఒక చేత్తో జూలు వదిలి దాన్ని అందుకున్నాడు. అంతలో పక్కనున్న కొమ్మ ఫెళ్లున విరిగి పడింది. బొంతమ్మ ఎగిరి దూకింది. తునికి జారాడు. రెండు చేతులా జూలు పట్టుకుని వేలాడాడు. ఫోను మాత్రం బండల సందులో పడి, లోపలెక్కడో టంగున మోగింది. అంతే.

"నేను పడేశా అమ్మమ్మా," అని ఏడ్చాడు తునికి.

"నువ్వు జూలు పట్టుకున్నావు కదరా. చాలు. గట్టిగా పట్టుకో," అంది.

అయితే ఎటు పోవాలి? అప్పుడు పొగలో ఒక వెలుగు కనిపించింది. నలుచదరంగా, తెల్లగా, ఆమె మసక కళ్లకు కూడా ఆనేంత పెద్దగా. బొంతమ్మ దాని మీదికే పరుగెత్తింది.

అక్కడ ఒక బండ మీద పాత ట్యాబు. దాని ముందు వరాలమ్మ. ఆమె పొట్ట కింద పందిపిల్లలు ముద్దగా ఒదిగి ఏడుస్తున్నాయి.

"నవ్వుకో వదినా, నవ్వుకో," అంది వరాలమ్మ. "నా కళ్లూ మసకే. నీ కంటే మసక. నిన్ను చూసి నలుగురూ నవ్వుతుంటే నా వంక చూడరని..."

"దారి కనపడిందా లేదా? అది చెప్పు!"

"కనపడింది. ఏం లాభం? చూస్తూ నిలబడితే నడవలేను. నోట కరుచుకుని నడిస్తే చూడలేను. నా పిల్లలకా, నేల తప్ప ఏం కనపడదు!"

బొంతమ్మ ఒక్క క్షణం ఆమెను చూసింది. గుడ్డి వదినా అన్న మాట గొంతులో ముల్లులా కదిలింది. వెనక మంట ఇంకో చెట్టెక్కింది. బొంతమ్మ వంగి ట్యాబు తీసుకుంది. రెండు కాళ్ల మీద నిటారుగా లేచింది. ట్యాబును రొమ్ముకు ఎదురుగా, తెర తనవైపు తిప్పి పట్టుకుంది.

"తునికీ! ఉసిరీ! కనపడుతోందా?"

"అంతా కనపడుతోంది!" అని ఇద్దరూ ఆమె చెవుల్లో అరిచారు.

"చెప్పండి మరి. వరాలూ, నువ్వు ముందు నడు. నీ కోరలకు పని చెప్పు!"

"ఎడమకి!" అంది ఉసిరి. వరాలమ్మ ముళ్లకంపను కోరలతో చీల్చింది. పందిపిల్లలు బొంతమ్మ కాళ్ల సందున పరుగెత్తాయి.

"బండ దాటి కిందకి!" అన్నాడు తునికి.

పోతూ పోతుంటే ట్యాబు ఒకసారి మిణుకుమంది. పాతది కదా, ఛార్జింగ్ ఎంతసేపు నిలుస్తుంది? దారి రెండుగా చీలిన చోట తెర నల్లబడింది.

"పోయింది!" అంది బొంతమ్మ. చీలిక దగ్గరే ఆగిపోయింది.

"పోనీ అమ్మమ్మా! దారంతా ఒక్కచోటే చూశాంగా, గుర్తుంది. కుడికి! మద్దిచెట్ల పక్క నుంచి!"

కుడికి తిరిగారు. ఒళ్లు కమిలింది, జూలు మాడింది. చివరికి కాళ్ల కింద చల్లగా తగిలింది. మడుగు! ట్యాబును గట్టు మీద పడేసి అందరూ ఒక్కసారే దబ్బున నీళ్లలో పడ్డారు. బొంతమ్మ తడి చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుంది. ఒకటి. రెండు. ఇద్దరూ ఉన్నారు. అప్పుడు ఏడ్చింది.

సాయంత్రానికి మంట వాలు దిగి, రాళ్ల దగ్గర ఆగి, ఆరిపోయింది. ముసలివాళ్లిద్దరూ బురదలో పక్కపక్కన కూర్చున్నారు.

"వదినా, ఆ రోజు నేనన్న మాట..." అంది వరాలమ్మ.

"మరిచిపోలేదు. మరిచిపోను కూడా," అంది బొంతమ్మ. ట్యాబును ఆమె ముందుకు జరిపింది. "ఆ పలకను రేపు ఎండకు పెట్టు. ఛార్జింగ్ నిండాలి. పొద్దున్నే పిల్లల్ని తీసుకొస్తా. ఈ ఎండలు పోయేదాకా ఒకచోటే ఉందాం."

వరాలమ్మ తలూపింది. తర్వాత గట్టు వైపు చూసి లేచి నిలబడింది. "అదిగో వదినా, పాపం ఆ దుప్పి కూడా బతికింది. ఏం దుప్పీ, దెబ్బలేం తగల్లేదు కదా?"

వీపు మీద తునికి, ఉసిరి కిసుక్కున నవ్వారు. "అవ్వా, అది మొద్దే!"

వరాలమ్మ మూతి ముడుచుకుంది. బొంతమ్మ ఆమె వంక చూసింది. మొద్దు వంక చూసింది. నవ్వు ఆపుకుందామనుకుంది కాని ఆగలేదు. బురదలో పడి దొర్లి దొర్లి నవ్వింది.

నీతి: ఎవరో ఎగతాళి చేశారని మెరిసేదాన్ని కొనకు, నీకు పనికొచ్చేదాన్ని కొను, నీ లోటు దాచుకుంటే నీతో పాటు నీ వీపు మీద ఉన్నవాళ్లకూ ముప్పే.