నిప్పు పెట్టినవాడు పక్కనే కూర్చోవాలి

అనగా అనగా ఒక ఊళ్ళో, చర్చి గోడ పక్కన ఒక కొలిమి ఉండేదే చిట్టీ. కమ్మరి యోనాది. వాడు ఇనుము కొడితే, పెళ్ళాం తబితమ్మ తిత్తి ఊదేది. ఆ తబితమ్మకి మూడేళ్ళలో మూడు కష్టాలొచ్చాయి.

మొదటి ఏడు, యోనా విషజ్వరంతో పోయాడు. అప్పుడు సంఘపెద్ద ఫిలేమోను గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "దేవుడు నిన్ను పుటం వేస్తున్నాడమ్మా. నిప్పులో పడితేనే కదా బంగారం మెరిసేది! ఓర్చుకో" అన్నాడు. చెప్పులైనా విప్పకుండా వెళ్ళిపోయాడు. తబితమ్మ ఓర్చుకుంది. మొగుడి సమ్మెట తనే ఎత్తింది.

ఆ తర్వాత రెండో ఏడు, గాలివానకి ఇంటి కప్పు ఎగిరిపోయింది. మళ్ళీ వచ్చాడాయన. అదే గుమ్మం, అదే మాట. "పుటమమ్మా, పుటం." తబితమ్మ పళ్ళు బిగించి ఓర్చుకుంది. తాటాకు తనే కప్పుకుంది.

ఆ తర్వాత మూడో ఏడు ఏమైందో తెలుసా? చెబుతుంటేనే నా నాలుక కాలుతోందే తల్లీ! ఆయన ఏకంగా కొలిమి దగ్గరికే వచ్చాడు.

"ఈ జాగా చర్చిది తబితా. ఇక్కడ పెద్ద గేటు పెడుతున్నాం, కార్లు తిరగాలిగా. ఆదివారం ఆరాధన అయ్యాక అందరం కలిసి కొలిమి పీకేస్తాం."

"మరి నేనెలా బతకాలి పెద్దయ్యగారూ?"

"ఇదీ పుటమే అనుకో."

అప్పుడు ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "దేవుడు వేసిన పుటమా, తమరు వేసిన పుటమా?" అని అరిచింది. ఆయన ఒకటంటే ఆమె నాలుగంది. ఆ కోపంలో చెయ్యి తిత్తిని ఊదుతూనే ఉంది, కళ్ళు మాత్రం ఆయన మీదే ఉన్నాయి. కమ్మరి ఎన్నడూ చెయ్యకూడని తప్పే అది! నిప్పులో ముసలి సంతోషమ్మ గొడ్డలి ఉంది. ఇటు తిరిగేసరికి అది తెల్లగా కాగిపోయి, కాకరపువ్వొత్తిలా రవ్వలు చిమ్ముతోంది. పట్టకారుతో లాగి ఒక్క దెబ్బ వేస్తే పొడిపొడిగా రాలిపోయింది.

ఫిలేమోను గారు మెల్లగా జారుకున్నాడు. తబితమ్మ కొలిమి ముందు చతికిలబడి దేవుణ్ణి నిలదీసింది.

"ఏమయ్యా! నేను కాసేపు చూపు తిప్పితే ఇనుము నాశనమైంది. నువ్వు మూడేళ్ళు ఎటు చూస్తున్నావు?"

ఆ మాట అనేసి ఆగిపోయింది. మూడేళ్ళు! దేవుడు చూపు తిప్పి ఉంటే తను ఈపాటికి ఆ గొడ్డలిలా రాలిపోవాలిగా? రాలలేదే! సమ్మెట ఎత్తే బలం చేతికొచ్చింది. మారు మాట్లాడే ధైర్యం నోటికొచ్చింది. అంటే ఎవరో పక్కనే కూర్చున్నారు, కాగే ఇనుము రంగు చూసుకునే కమ్మరిలా, పట్టకారు వదలకుండా. గుమ్మంలోంచి మాట విసిరి పోయినాయన మాత్రం కాదు!

అప్పుడు ఆమె కోపం చల్లారలేదు చిట్టీ. కాగిన ఇనుములా ఒక రూపానికొచ్చింది.

ఆదివారం వచ్చింది. చర్చిలో సాక్ష్యాల వేళ అయింది. ఎవరైనా లేచి దేవుడు చేసిన మేలు చెప్పొచ్చు, మధ్యలో ఎవరూ ఆపకూడదు. అది ఆ సంఘం కట్టుబాటు. మొదట ఒకాయన లేచి తన నడుం నొప్పి తగ్గిందన్నాడు. ఆ తర్వాత ఒకావిడ తన గేదె క్షేమంగా ఈనిందంది. మూడోది తబితమ్మ. చేతిలో కాలిన గొడ్డలి ముక్క.

"కమ్మరి నిప్పు రాజేసి పక్కనే కూర్చుంటాడు. కొంపలు కాల్చేవాడు నిప్పు పెట్టి పారిపోతాడు. నా మొగుడు పోయినప్పుడూ, కప్పు ఎగిరినప్పుడూ దేవుడు నా పక్కనే కూర్చున్నాడు. అదీ నా సాక్ష్యం. ఈ కొలిమి పీకడం ఆయన పని కాదు, పెద్దయ్యగారిది. మీ పనికి ఆయన పేరు పెట్టకండి!"

"సాక్ష్యం చెప్పమంటే తగువు పెడతావేంటి? కూర్చో!" అన్నాడు ఫిలేమోను గారు.

ముసలి సంతోషమ్మ కర్ర పట్టుకుని లేచింది. "పోయింది నా గొడ్డలి. నాకు లేని నొప్పి నీకెందుకయ్యా? చెప్పనీ. రేపు నా కట్టెలు నీ గేటు కొడుతుందా?"

చర్చంతా గొల్లుమంది.

ఆరాధన అయింది. "పీకడానికి రండి" అన్నాడాయన. ఒక్కరూ కదల్లేదు. అప్పుడు ఆయనే రోషంగా గునపం ఎత్తి కొలిమి రాయి మీద పొడిచాడు. రాయి కదల్లేదు, గునపం మొన వంగిపోయింది. జనమంతా చూస్తున్నారు. ఆయన మొహం కందగడ్డ అయింది.

తబితమ్మ చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వండి, సరిచేస్తాను. కానీ పనయ్యేదాకా ఇక్కడే కూర్చోవాలి. లేవకూడదు."

ఆయన కూర్చున్నాడు. చొక్కా తడిసింది, కళ్ళు మండాయి. చూపు పక్కకి పోతే చాలు, "అటు కాదు, ఇనుము వైపు!" అని గద్దించేది.

"రోజూ ఇంత వేడిలో కూర్చుంటావా అమ్మా?" అన్నాడు చివరికి.

"కూర్చోకపోతే దాన్ని పుటం అనరు పెద్దయ్యగారూ, కాల్చి చంపడం అంటారు."

ఆ గునపంతోనే ఆయన గేటు గుంత తవ్వించాడు, చర్చికి అవతలి పక్కన. కొలిమి ఉన్నచోటే ఉంది.

ఏంటే? తబితమ్మ కోపం పోయిందా అంటావా? పోలేదే పిచ్చితల్లీ. దేవుడు రాజేసిన నిప్పుని ఆర్పుకుంటారా ఎవరైనా?

కథ వెళ్ళింది కంచికి,
కమ్మరమ్మ కొలిమికి,
మనమొచ్చాం ఇంటికి,
కునుకు రావే కంటికి.