రెండూళ్ళ బజ్జి

ఏటి కవతల పొగ ఎవరిదమ్మా?
ఎసరు పెట్టిన మా పిన్నిదమ్మా.
ఎసట్లో పోసింది ఏమిటమ్మా?
ఏమిటమ్మా... ఏమిటమ్మా...

ఉండు, ఉండు. సామలా, కొర్రలా? ఏదో పోసింది. పొయ్యకుండా పిన్ని ఊరుకుంటుందా? ఆ తర్వాత పాటలోకి ఒక బావ వస్తాడు, వెనకే ఒక దూడ కూడా వస్తుంది. ఎందుకొస్తాయో మాత్రం గుర్తు లేదు. మా పల్లెలో ఆడపిల్లలందరం చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడేవాళ్ళం. ఇప్పుడు తిరగడం గుర్తుంది, పాట పోయింది. సర్లే, పాట రాకపోతే కథ చెప్తాను. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో.

అనగనగనగా, రైలు ఇంక ముందుకు పోలేక ఆగిపోయే ఒక ఊళ్ళో, నాంచారమ్మ అని ఒక అత్తగారు. ఆ ఊరి పేరు రేపల్లె. ఆ అత్తగారికి మునెమ్మ అని ఒక కోడలు. ఎక్కడో పీలేరు దగ్గర పల్లె నుంచి వచ్చింది. నాంచారమ్మ కొడుక్కి రైల్లో ఉద్యోగం. అతను పాకాల స్టేషన్లో పని చేస్తుండగా ఆ సంబంధం కుదిరింది.

అవునవును, మునెమ్మ అంటే నేనే. ఆ నాంచారమ్మ మీ అమ్మకి నాయనమ్మ. అయినా 'నేను, నేను' అంటే కథలా ఉండదు. కోడలనే చెప్తాను. మధ్యలో తప్పితే నువ్వు గిల్లు.

నాంచారమ్మకి తిండి అంటే ప్రాణం. తిండిపోతు అనకు, పెద్దావిడ. ఆవిడ తినేది కొంచెమే. కానీ ఆవిడ రుచి చూడకుండా ఊళ్ళో ఏ పెనమూ చల్లారకూడదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు హోటల్లో బల్ల ముందు కూర్చుంటే వింతగా చూసేవాళ్ళు. అందుకని కొంగు చాటున ఒక ఇత్తడి మూతగిన్నె పట్టుకుని బయల్దేరేది. కాఫీ హోటలు పెరటి గుమ్మం దగ్గర నిలబడి, "అబ్బాయ్, ఇవాళ పెసరట్టులో అల్లం ఏదిరా?" అని కేకేసేది. లోపల వంటవాడికి చెమటలు పట్టేవి.

ఒకసారి పెనుమూడి రేవులో పడవవాళ్ళు మట్టికుండలో చేపల పులుసు కాచుకుంటున్నారని తెలిసింది. ఇంట్లో మాగాయ జాడీలోంచి కొంచెం తీసుకుని అక్కడికే పోయింది. మాగాయ వాళ్ళకిచ్చి, పులుసు తను తెచ్చుకుంది. ఆ తర్వాత ఇంట్లో అదే పులుసు కాచింది. ఒకోసారి అలా కాచినవి వాళ్ళకంటే బాగా కుదిరేవి. ఒకోసారి కుక్క కూడా ముట్టేది కాదు. "కుక్కకేం తెలుసే!" అనేది.

అప్పుడు ఏమయిందంటే, కోడలికి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ నోటి చేదు తగ్గలేదు. ముద్ద పెడితే దిగదు. జావ పోస్తే కక్కేస్తుంది. చెయ్యి పైకెత్తితే గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

డాక్టరు వచ్చి చూశాడు. "మందు పని మందు చేసిందమ్మా. ఇంక ముద్ద దిగాలి. దిగకపోతే ఈ పిల్ల మంచం దిగదు. ఏదడిగితే అది పెట్టండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

నాంచారమ్మ కొడుకేమో డ్యూటీ మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. ఊరందరి వంటకీ వంక పెట్టే మనిషి, తన ఇంట్లో పిల్ల తిండి లేక చిక్కిపోతుంటే ఏం చేస్తుంది? మంచం పక్కన కూచుని, "ఏం తినాలనుందే తల్లీ? నోరు తెరిచి చెప్పు. ఎక్కడున్నా తెస్తాను" అంది.

కోడలు చాలాసేపు ఆలోచించింది. అప్పుడు, "వంకాయ బజ్జి తినాలని ఉండాదత్తా" అంది.

నాంచారమ్మ మొహం చేటంత అయింది. "ఓసి పిచ్చిమొహమా, బజ్జీయేనా! బజ్జీ సంగతి నాకు వదిలెయ్యి."

గిన్నె తీసుకుని స్టేషను దగ్గర పోతురాజు బండికి పరుగెత్తింది. జ్వరం పడి లేచిన మనిషికి నూనె సరుకేమిటని ఒక మనసు అంది. డాక్టరే చెప్పాడుగా అని ఇంకో మనసు అంది. రెండు మనసులూ వాదించుకుంటుండగానే గిన్నె నిండింది. శనగపిండిలో ముంచి వేయించిన వంకాయ బజ్జీలు, ఇంకా చిటపటలాడుతున్నాయి.

కోడలు మూత తీసి చూసింది. "ఇది కాదత్తా. బజ్జి."

"బజ్జీ కాకపోతే ఇదేంటే?"

"ఏమో అత్తా. ఇది మాత్రం బజ్జి కాదు."

నాంచారమ్మ ఒకటి కొరికి చూసింది. బజ్జీయే. ఇంకోటి కొరికింది. అదీ బజ్జీయే.

"ఆఁ, వాము పడలేదు. అందుకే పిల్లకి ఎక్కలేదు" అనుకుంది. ఆ తర్వాత బజారులో శేషమ్మ కొట్టుకి బయల్దేరింది. ఆ కొట్టు మీద బోర్డు ఉండేది. నాంచారమ్మకి చదువు రాదు, కోడలికీ రాదు. అక్షరాలు నేర్చుకుంది మీ అమ్మ పుట్టాకే కదా. కానీ ఆవిడకి బోర్డుతో పనేముంది, వాసన ఉండగా? శేషమ్మ లేత వంకాయలు నాలుగు పక్షాలుగా చీల్చి, లోపల చింతపండు గుజ్జూ వాముకారమూ కూరి, అప్పుడు పిండిలో ముంచుతుంది. పెళ్ళివాళ్ళు కూడా ఆవిడ కోసం కబురు పెట్టేవాళ్ళు.

కోడలు మళ్ళీ మూత తీసింది. మళ్ళీ పెట్టేసింది. "ఇదీ కాదత్తా. బజ్జి మెత్తంగా ఉంటాది."

"మెత్తగానా!"

నాంచారమ్మ గుమ్మంలో కూలబడింది. బజ్జీ ఎప్పుడు మెత్తబడుతుంది? ఎంత ఆలోచించినా ఒకటే తోచింది. మర్నాటికి మెత్తబడుతుంది. పాపం ఆ దేశంలో చల్లారినవే తింటారు కాబోలు అనుకుంది. మళ్ళీ పోతురాజు బండి దగ్గరికి పోయింది. జనం మూగి ఉన్నారు. చెవి దగ్గరికి వంగి, "ఒరే పోతురాజూ, నిన్నటి బజ్జీలేమన్నా మిగిలాయట్రా?" అంది. రహస్యం అనుకుంది గానీ, ఆవిడ గొంతు అలాంటిది కాదు. తింటున్నవాళ్ళంతా నమలడం ఆపేశారు.

"ఏంటి పిన్నీ ఆ మాట, పదిమందిలో! నా బండి మీద నిన్నటి సరుకా?"

"ఉంటే మంచిదేరా. ఉండాలనే అడుగుతున్నా."

"పిన్నీ, నీకు దణ్ణం పెడతా. ఇంటికెళ్ళు."

నాంచారమ్మ ఖాళీ గిన్నెతో ఇంటికి రావడం అదే మొదలు.

ఇంటికొచ్చి మంచం పట్టె మీద తల ఆనించి ఏడ్చింది. అది చూసి కోడలూ ఏడ్చింది. ఇద్దరూ ఒకటే మాట అంటున్నారు. ఆవిడ మాట ఈవిడకి తెలీదు, ఈవిడ మాట ఆవిడకి తెలీదు.

ఏంటీ? బజ్జి అంటే బజ్జోడమేమో అంటావా? నాంచారమ్మకీ అచ్చం అదే తోచిందే! గబగబా దుప్పటి కప్పి, కిటికీ మూసి, "ఆ మాట ముందే చెప్పొచ్చుగా, బజ్జోవే తల్లీ" అంది. కోడలు దుప్పటి తన్నేసింది.

అప్పుడు నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంది. "నోటితో చెప్పకు. చేత్తో చూపించు" అంది.

కోడలు రెండరచేతులూ ఒకదానికొకటి ఆనించి గిరగిరా తిప్పింది.

"మజ్జిగా?"

"కాదత్తా. ఎనపాల."

"ఎనపడమేంటే?"

"పప్పును ఎనిపినట్ల."

"పప్పుగుత్తితో మెదపడమా? బజ్జీని పప్పుగుత్తితో మెదిపితే నూనెంతా ఎటు పోతుందే?"

"నూనె లేదు కదత్తా."

నూనె లేదు! పిండి ఉందా అని అడిగితే పిండీ లేదంది. నాంచారమ్మ తల పట్టుకుంది. ఈ పిల్లకి జ్వరం తలకెక్కిందా, తనకే ఎక్కిందా? ఇంకొకరైతే 'పోవే' అని లేచిపోయేవాళ్ళు. కానీ తిండి మీద ప్రేమ ఉన్న మనిషి కదా, లోపల ఎక్కడో నోరూరింది. తనకి తెలియని బజ్జీ ఒకటి ఈ భూమ్మీద ఉందా!

ఆ తర్వాత కోడలి మంచాన్ని ఈడ్చుకుంటూ తెచ్చి వంటింటి గుమ్మానికి ఆనించింది. "నువ్వు చెప్పు, నేను చేస్తా" అంది.

వంకాయలు తరగమంటే తరిగింది. పచ్చిమిరపకాయలు తుంచి వెయ్యమంటే వేసింది. కాస్త చింతపండు పడేసి, నీళ్ళు పోసి ఉడికించమంటే ఉడికించింది. మధ్య మధ్యలో, "పోపు వెయ్యనా? పోనీ ఇంగువ?" అని అడుగుతూనే ఉంది. కోడలు తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

"ఇప్పుడు ఎర్రగడ్డ వేయాలత్తా."

నాంచారమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. వెనక్కి తిరిగి కోడల్ని కిందికీ పైకీ చూసింది. పొయ్యి ఊదడం మానేసి మంచం దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించి, "గడ్డా? ఎర్రమట్టి గడ్డా? ఒసేయ్, నిజం చెప్పు. నీళ్ళోసుకున్నావా ఏంటి? మట్టి తినాలనిపిస్తోందా?" అంది.

కోడలికి ముందు అర్థం కాలేదు. అర్థం కాగానే నవ్వు వచ్చింది. జ్వరం వచ్చాక అదే మొదటి నవ్వు. నవ్వలేక దగ్గుతూ, మూలనున్న బుట్ట చూపించింది.

"ఉల్లిపాయా! ఇది ఉల్లిపాయే తల్లీ!"

"మాకు ఎర్రగడ్డే అత్తా."

ఇప్పటికీ బజారుకెళ్తే ఒకోసారి నా నోట్లోంచి ఎర్రగడ్డ అనే వస్తుంది. కూరగాయలబ్బాయి దుంపల వైపు చూస్తాడు. అదిగో, 'నా నోట్లోంచి' అన్నాను! గిల్లవేమే?

సరే. అప్పుడు నాంచారమ్మ ఉడికిన వంకాయల్లో ఉప్పు వేసి, పప్పుగుత్తితో మెత్తగా మెదిపింది. పచ్చి ఉల్లిముక్కలు చల్లింది. వేడన్నంలో కలిపి, చిన్న ముద్ద చేసి కోడలి నోటి దగ్గర పెట్టింది. కోడలు కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

ముద్ద దిగింది.

ఇంకోటి పెట్టింది. అదీ దిగింది. నాంచారమ్మ ఎన్ని తిందో లెక్కపెట్టబోయి, దిష్టి తగులుతుందని మానేసింది. ఆవిడ మాత్రం ఇంకా రుచి చూడలేదు. ఊళ్ళో ఏ పెనాన్నీ వదలని మనిషి, చేతిలో కొత్త రుచి పెట్టుకుని గుటకలు మింగుతోంది. చిటికెడు చూస్తే? అమ్మో, పిల్లకి తక్కువైతే? పోనీ వేలు నాకితే? ఎంగిలి చేత్తో ఎలా పెట్టడం? అలా తేల్చుకోలేకుండానే గిన్నె అడుగు కనపడింది.

కోడలు నీళ్ళు తాగి వెనక్కి వాలింది. అప్పుడు నాంచారమ్మ వంటింట్లోకి పోయి, తలుపు చాటుకి వెళ్ళి, పప్పుగుత్తి నాకింది. ఇంకోసారి నాకింది. ఆ తర్వాత గట్టిగా, "ఒసేయ్, ఇది పచ్చడే!" అంది.

"పచ్చడి కాదత్తా. బజ్జి."

"ఉల్లిముక్కలేసిన వంకాయ పచ్చడే. మా అమ్మ కాల్చి చేసేది, నువ్వు ఉడికించావు. అంతే."

"బజ్జి."

"పచ్చడే."

"బజ్జే అంటే బజ్జే!"

ఈసారి కోడలు మంచం మీద లేచి కూచుని మరీ అరిచింది. నాంచారమ్మ ఇంకో మాట అనబోయి ఆగిపోయింది. లేచి కూచున్న పిల్లని చూసింది. "సరేలేవే, బజ్జే" అని, రేపటికి వంకాయలు తేవడానికి బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

అక్షరాలు నేర్చుకున్నాక ఆ రెండూ పలక మీద రాసి చూశాను. మా ఊరిది బజ్జి, ఈ ఊరిది బజ్జీ. చివర ఒక దీర్ఘం, అంతే తేడా. ఆ దీర్ఘం కోసం ఎంత తిరిగింది మహాతల్లి!

కథ ఎక్కె కంచి రైలు,
కునుకు ఎక్కె మన మంచం,
బజ్జి తిన్న బొజ్జ నిండె,
బజ్జోవే బుజ్జీ కొంచెం.

ఇంకా పడుకోలేదూ? తర్వాత ఆవిడ ఏమయిందా?

తర్వాత ఏముందమ్మా, ఇంట్లో రెండు బజ్జీలూ చేసేవాళ్ళం. "మునెమ్మా, ఇవాళ బజ్జీ" అంటే ఏది చెయ్యాలో నాకు తెలిసేది కాదు. మొహం చూసి చెయ్యాల్సిందే. చాలాసార్లు తప్పేది. తప్పినా తినేది, తింటూ తిట్టేది.

అలా చాలా ఏళ్ళు గడిచాయి. ఆఖర్లో ఆవిడకి తిండి సయించలేదు. చెంచాతో నీళ్ళు, అంతే. ఎన్ని రకాలు చేసి పెట్టానో. వద్దని చెయ్యి ఊపేది. ఒక పొద్దున వంటింట్లో నాకోసం ఏదో పోపు పెట్టుకుంటున్నాను. ఏం పోపో చూడు, అది గుర్తు లేదు. గది లోంచి పిలిచింది. అమ్మయ్య, ఏదో అడుగుతుందని గరిటె పట్టుకునే పరుగెత్తాను. ఆవిడ కళ్ళు మూసుకుని వాసన పీలుస్తోంది. ఇంత పెట్టనా అత్తా అంటే, తల అడ్డంగా ఊపింది. అప్పుడు నా వైపు చూసి ఒక మాట అంది. నాతో ఆవిడ ఆఖరి మాట అదే. దానికి ఏం చెయ్యాలో, ఎవరికి చెప్పాలో నాకు ఇప్పటికీ తోచదు.

"ఘుమఘుమలాడుతోందే. ముందు నువ్వు తిను. తిని, ఎలా ఉందో నాకొచ్చి చెప్పు."